నవాబులు పండుకున్న బల్ల

ఎవరూ, చర్చి గోడకున్న ఫోటోల కోటు పెద్దమనిషి గురించా? ఆయన ముచ్చట నన్నడుగుమని నిన్నెవరు పంపిన్రు? మీ అమ్మమ్మ సుశీలమ్మనే పంపుంటది, నా నోటి సంగతి ఆమెకు బాగ ఎరికె. కూసో. గా కుర్చీ ఒద్దు, దాని కాలు ఇరిగింది. గీ బల్ల మీద కూసో, గట్టిది, ఏనుగు కూసున్నా ఇరగది. ఏందీ, చర్చి పండుగకు పుస్తకం అచ్చేస్తున్నరా? పాత పెద్దల గురించి నాలుగు మంచి మాటలు గావాల్నా? మంచి మాటలకు నా దగ్గర జర కరువు బిడ్డా. ఉన్న మాటలు చెప్త, అండ్లకెల్లి మంచియి నువ్వు ఏరుకో. మొన్న ఆయితారం చూసిన, ఆయన ఫోటోకు బంతిపూల దండ ఏసిన్రు. కింద ఊదుకడ్డి ముట్టించిన్రు. నాకు నవ్వాగలె. ప్రార్థన నడుస్తుంటె ఈ ముసలోడు నవ్వుతుండేందని మీ కొత్త పాస్టరు అయ్యగారు కండ్లు తెరిచి చూసిండు. మరి నవ్వు రాదా? నా పెండ్లాం క్రిస్మసుకు యేసయ్య పటం కాడ రెండు చామంతి పూలు పెడితె, "విగ్రహాల బుద్ధి ఇంక పోలేదానే నీకు!" అని వాకిట్ల నిలవెట్టి తిట్టిన మనిషి ఆయన. గాయనకే దండ! గాయనకే ఊదుకడ్డి!

ఫోటో కింద బర్నబాసు అని రాసిన్రు గద. అది బాప్తిస్మంల నీళ్లల్ల మునిగి లేచినంక వచ్చిన పేరు. అవ్వ పెట్టిన పేరు బాలనర్సింహ. గల్లీల అందరు బాలనర్సన్న అనే పిలుస్తుండ్రి, ఆయన పలుకకపోతుండె. బర్నబాసు పెద్ద అంటెనే తల తిప్పుడు. మాదన్నపేట అంగట్ల కూరగాయలామెకు నోరు తిరగక, "ఓ బరిణె పెద్దా, వంకాయలు లేతగున్నయి, ఏస్కపో" అంటుండె. దానికి మాత్రం పలుకుతుండె, ఎందుకంటె ఎనుకకు పెద్ద అన్న మాట ఉన్నది గద. పనేమొ సర్కారు దఫ్తర్ల చప్రాసి. అక్కడ ఆయన చేసేదేంది? సాబ్ గది ముంగట నిలవడి, ఎవలు లోపలికి పోవాలె, ఎవలు పోవద్దు చూసుడు. దఫ్తర్ అయినంక గదే పని చర్చిల దేవుని ముంగట చేస్తుండె. తేడా ఒక్కటే, దఫ్తర్ల పట్టీ నడుముకు కట్టుకుంటుండె, చర్చిల మనసుకు కట్టుకున్నడు.

అయ్యగారు లేరా అంటవా? ఉన్నరు. సుందరం అయ్యగారని, చాదర్‌ఘాట్ అవుతలకెల్లి నెలకొక్కపారి టాంగాల వస్తుండె. మెత్తటి మనిషి, పాపం. ఈగను తోలుమన్నా దానికి నొప్పైతదేమొనని చూస్తడు. మిగిలిన దినాలు మొత్తం బర్నబాసు రాజ్యమే. చెప్పులు మెట్ల కింద ఇడువాలె, ముక్కులు రోడ్డు దిక్కు ఉండాలె. ఆడోళ్ల కొంగు చెవుల మీదికి రావాలె. పొద్దుగాలకెల్లి పచ్చి మంచినీళ్లు ముట్టనోళ్లే రొట్టె ముట్టాలె. నోట్ల పాన్ ఉంటె గడపల కాలు పెట్టొద్దు. ఇగ నాకు ఆ పాన్ తోనే లొల్లి. పత్తర్‌గట్టిల షేర్వాణీలు కుట్టేటోణ్ణి, పొద్దంతా దారం పంట్ల పెట్టి కొరికే నోరు, పాన్ లేకుంటె ఎట్ల నడుస్తది? "ఏందిరా సీతారాం, దేవుని ఇంటికి ఎర్రమూతి ఏసుకొని వచ్చినవ్" అంటుండె. మోషే రాసిన పుస్తకాలంటె ఆయనకు పాణం. గుడారానికి ఏ రంగు తెర, తెరకు ఏ లోహం కొక్కెం, యాజకుడు ఏ కాలు ముందు కడగాలె, అవన్ని నాలిక మీదుంటయి. యేసయ్య కాడికి వచ్చేసరికి మాత్రం జర తొందర తొందరగ పుట తిప్పుతుండె. గిన్నె బయట తోముడు కాదురా, లోపట తోము అన్న ముచ్చట వస్తదే, గది ఆయన సదువంగ నేనైతె ఇనలె.

గిన్నె అంటె యాదికొచ్చింది, నీ చాయ్ గిలాస గా నడుమ గాడిల పెట్టకు, ఒరుగుతది. జర పక్కకు పెట్టు. ఆ. అయ్యగారికి గని ఒక్క ముచ్చట మస్తు ఇష్టం. బావి కాడి ఆడామె ముచ్చట. యేసయ్య ఎండల నడిచి నడిచి బావి కాడ కూసుంటడు, నీళ్లకు వచ్చినామెను నాకు జర నీళ్లియ్యమ్మ అంటడు. ఆమె వేరే కులపుది, అడిగెటోడు వేరే కులపోడు. మాటల్ల మాట వచ్చి, మీరు ఆ ఊర్ల మొక్కాల్నంటరు, మేము ఈ గుట్ట మీద మొక్కుతం, ఏది సయి అని ఆమె అడుగుతది. ఆయన ఏమంటడు? గుట్టా లేదు, ఊరూ లేదు, దేవునికి లోపటి మొక్కు గావాలె, నిజం మొక్కు గావాలె అంటడు. గిది అయ్యగారు ఏడాదికి రెండుమూడుసార్లు చెప్తుండె. మేమందరం తలకాయలు ఊపుతుంటిమి. అందరికన్న ఎక్కువ ఊపేది బర్నబాసే. ఊపి, ఊపి, ప్రార్థన అయినంక బయటికి వచ్చి చెప్పుల ముక్కులు ఎటున్నయో చూస్తుండె.

ఇగ సత్తెమ్మ. నువ్వు అడగలె, గని ఆమె లేకుంట ఈయన ముచ్చట చెప్పుడు కుదరది. పాల సత్తెమ్మ అంటుంటిమి. మొగడు చచ్చిపోయిండు, పిల్లలు దక్కలె. రెండు బర్లు, ఒక ఆవు, గదే ఆమె సంసారం. ఇప్పుడు సంతోష్‌నగర్ అని మిద్దెలు లేపిన్రే, గదంతా అప్పుడు చెల్కలు, గక్కడికి మేపుకపోతుండె. ఆవు పేరు గౌరి. "యేసయ్యల కలిసినంక గౌరేంది, పేరు మార్చు" అని బర్నబాసు అంటె, "ఆవు మునగలె గద పెద్దయ్యా, నేనే మునిగిన" అన్నది. మనోళ్ల చేతి పాలు హిందువుల ఇండ్లల్ల కొనకపోతుండ్రి. బార్కస్ అరబ్బులు కొంటుండ్రి, మా గల్లీ సాయిబులు కొంటుండ్రి. బార్కస్ పోతె కొంగుల జామకాయలు కట్టుకొని వచ్చి గల్లీ పోరగాళ్లకు పంచేది. సదువు రాదు. వాక్యం అంటె ఆమెకు బావి కాడి ముచ్చట ఒక్కటే వచ్చు. గదైనా సయిగ వచ్చునా అంటె అదీ రాదు, దాని మీదనే లొల్లి అయింది, చెప్త ఆగు.

పీర్ల పండుగకు సబీల్ పెడుతరు చూడు, దారిన పోయెటోళ్లకు నీళ్లు, షర్బత్ పోస్తరు, దూపతోని చచ్చిపోయినోళ్ల పేరు మీద. మా గల్లీ మలుపు కాడ ఖైసర్ బేగం ఇంటోళ్లు పెడుతుండ్రి. సత్తెమ్మ వాళ్ల అవ్వ కాలం నుంచి ఆ సబీల్ షర్బత్‌కు పాలు వీళ్ల ఇంటికెల్లే. ఉత్తగనే ఇచ్చుడు. ఆమె చర్చిల కలిసినంక గుడ ఇస్తనే ఉండె, దాచి కాదు, నెత్తి మీద కడవ పెట్టుకొని పట్టపగలు పోతుండె. ఒక ఏడాది బర్నబాసు దఫ్తర్ నుంచి వస్తుంటె కండ్లవడ్డది. యుద్ధం మొదలైన ఏడో, మరుసటేడో. ఇగ చూడు, ఆయితారం పెద్దమనుషులను కూసోవెట్టి, ఆమెను నడుమ నిలవెట్టి పంచాయితి. "పరాయి దేవునికి పాలు పోసినవా లేదా?" "దేవునికి పొయ్యలె పెద్దయ్యా, దూపైనోళ్లకు పోసిన." "ఎవరి పేరు మీద పోసిన్రు?" "పేరు పాలల్ల కనవడదు గద అయ్యా." ఈయనకు ముక్కు మీద కోపం. "వాక్యంల ఎక్కడున్నది గట్ల పొయ్యిమని?" అంటె, ఆమె అన్నది, "బావి కాడ ఆ పరాయామె యేసయ్యకు నీళ్లియ్యలేదా? ఆమె ఇయ్యంగ తప్పులేంది నేనిస్తె తప్పా?" ఇగ బర్నబాసుకు పండుగైంది. పుస్తకం తీసిండు, అద్దాలు పెట్టిండు, ఆ ముచ్చట మొత్తం ఏలు పెట్టి సదివిండు. సదివి, "చూడు! యేసయ్య అడిగిండని ఉన్నది. ఆమె ఇచ్చిందని ఎక్కడా రాసి లేదు!" అన్నడు. నిజమే బిడ్డా, నేను గుడ తర్వాత సదివిన, రాసి లేదు. మాటల్ల పడి నీళ్ల సంగతి ఇద్దరు మరిచినట్టే ఉంటది. సత్తెమ్మ ఇడువలె. "రాయకుంటె ఏంది పెద్దయ్యా? దూపైతుందంటె ఇయ్యకపోతదా ఆడిది?" అన్నది. గంతే. ఆమెకు బల్ల ఆపిన్రు.

బల్ల అంటె ఎరికే గద, రొట్టె, ద్రాక్షరసం. మీరిప్పుడు కమ్యూనియన్ అంటున్నరు. మాకు బల్లనే. ఇంట్ల అన్నం లేకున్న ఫికర్ చేయకపోతుండ్రి అప్పటోళ్లు, బల్ల ఆగితె మాత్రం పాణం పోయినట్టే. ఎందుకంటవ్? అంగట్ల ఒకరు ముట్టుకోరు, బావి కాడ ఒకరు పక్కకు జరగమంటరు, అన్ని జాగల మనది ఆఖరు వరస. గా ఒక్క బల్ల కాడనే అందరితోని సమానంగ చెయ్యి చాపుడు. గది ఆగిందామెకు. గడప అవుతల కూసొని పాటలు పాడుతుండె. బల్ల యాల్లకు లేచి వాకిట్లకు పోతుండె, పక్కకు తిరిగి కండ్లు తుడుచుకుంటుండె. "సీతారాం, పాణం పోయేలోపట ఒక్కపారి బల్ల ముట్టుకుంటె సాలురా" అని నాతోని ఎన్నిసార్లు అన్నదో. పొయ్యి మాఫీ అడుగరాదు అంటె, "ఏమని అడుగుత? దూపోనికి పోసిన, తప్పైందని అడుగుతనా? అబద్ధమాడి రొట్టె తింటె గొంతుల దిగది" అంటుండె. మొండిది. ఆమె మొండి, ఈయన జగమొండి.

గప్పుడే కొత్త బల్ల పిచ్చి పట్టింది ఆయనకు. మా పాత బల్ల కుంటిది, ఒక కాలు కింద ఇటుక పెడుతుంటిమి. మోషే గుడారానికి తుమ్మ కట్టె బల్ల, దానికి బంగారు రేకు, మనకు ఇటుకనా అని, జుమ్మేరాత్ బజారు పోయిండు ఒక్కడే. ఎవరినీ తోలుకపోడు, అన్ని ఎరికైనోడు గద. అక్కడ పాత సామాన్లోడు బాబూమియా కాడ టేకు చెక్క కనవడ్డది. ఒక్కటే పలక, మనిషి నిలువు పొడుగు, అరచెయ్యి మందం, నునుపు తేలి నిగనిగ మెరుస్తున్నది. బాబూమియా నిజాయితోడు, అబద్ధమాడలె. "తఖ్తా హై సాబ్, పాక్ తఖ్తా" అన్నడు. మనోడు దఫ్తర్ ఉర్దూ ఇని ఇని పండితుడైండు గద, తఖ్తా అంటె చెక్క, ఈయన తఖ్త్ అనుకున్నడు. సింహాసనం! "కిస్కా తఖ్త్?" అని, ఎవరి సింహాసనమని అడిగిండట. బాబూమియా ఏమన్నడు, "అరె, బడె బడె నవాబాఁ ఇస్ పె లేట్ కే గయే సాబ్." పెద్ద పెద్ద నవాబులు దీని మీద పండుకొని పోయిన్రు అని. అబద్ధమా? కాదు. పండుకున్నరు, పోయిన్రు. ఎక్కడికి పోయిన్రని ఈయన అడగాలె గద! అడగలె. బండి కట్టించుకొని తెచ్చిండు. ఆ దినం ఆయన ముఖం చూడాలె నువ్వు, లగ్గంల పెండ్లికొడుక్కు గుడ గంత మెరుపుండది.

చెక్క నడుమ పొడుగున ఒక గాడి ఉన్నది, గాడి కొసకు ఒక బొక్క. ఇదేంది పెద్దయ్యా అన్న నేను. ఆయన బొటనేలుతోని ఆ గాడి రాసుకుంట, "దైవ సంకల్పం రా సీతారాం. రసం ఒలికితె కింద పడి తొక్కుళ్ల పడొద్దని గీ దారి. గాడిల పడి బొక్కల కెల్లి గిన్నెల పడతది. నవాబులు దేనికి చేయించుకున్నరో గని, దేవుడు మన కోసం చేయించిండు" అన్నడు. నాలుగు కాళ్లు కొట్టించిండు, కొస కింద ఒక ఇత్తడి గిన్నె పెట్టిండు. తెల్ల మల్లు గుడ్డ తెచ్చి నాతోని అంచులు కుట్టించిండు, సన్నకుట్టు, షేర్వాణీ కాలరుకు గుడ నేను గంత సన్నం కుట్టలె. గట్ల ఏడాది దాటింది. ఆ బల్ల మీదనే రొట్టె ఇరిసినం, తిన్నం. అందరం సుఖంగనే ఉన్నం. ఎవలకూ కడుపునొప్పి గుడ రాలె, గది యాదుంచుకో.

సత్తెమ్మకు ఆయాసం పట్టింది ఆ చలికాలం. మెట్లు ఎక్కితె కొలిమి తిత్తి ఊదినట్టు ఊపిరి. పక్కింటి ఖైసర్ బేగం, సబీల్ పెట్టెటామె చెప్తినే, ఆమె చూస్తుండె. ఆ ఖైసర్ బేగంకు ఇంకొక పనున్నది. గల్లీల సాయిబుల ఇండ్లల్ల ఆడోళ్లు చచ్చిపోతె తానం చేపిచ్చేది ఆమెనే. దేవుని పని అని చేస్తుండె, పైస ముట్టకపోతుండె. సత్తెమ్మ రొట్టె కోసం ఏడుస్తున్నదని తెలిసి, ఒక శనివారం బురఖా ఏసుకొని సీద చర్చికి వచ్చింది. ఉతుకుడుకని బల్ల గుడ్డ తీసి నేను మడత పెడుతున్న. నాగమణమ్మ ఊడుస్తున్నది. బర్నబాసు దీపాలు తుడుస్తుండు. ఆమె గడప కాడ నిలవడి, "సాబ్, ఉస్ బిచారీకు జరా రోటీ దేదో. క్యా జాతా తుమారా?" అన్నది. ఆమెకు జర రొట్టె ఇయ్యరాదు, నీదేం పోతది అని. ఈయన మోషే ముచ్చట షురూ చేసిండు ఉర్దూల. చేస్తుంటె ఆమె కండ్లు బల్ల మీద పడ్డయి. లోపటికొచ్చింది, ఒంగింది, బొక్కల ఏలు పెట్టి చూసింది. "యా అల్లా" అని చెయ్యి కండ్లకద్దుకున్నది. "యే తో గుసుల్ కా తఖ్తా హై! ఇస్ పే తో మై అప్నీ సాస్ కు నహలాయీ!" అన్నది. పీనుగుల తానం బల్ల బిడ్డా. ఆమె తన అత్తకు ఆఖరు తానం దీని మీదనే చేపిచ్చింది. చెక్క ఫలానా దేవిడి నవాబులది, వాళ్లు చెడిపోయి సామాన్లు అమ్ముకున్నరు. ఆమె కోపం చెయ్యలె, నవ్వలె. "అచ్ఛీ జగా ఆయా" అన్నది, మంచి జాగకే వచ్చింది అని. మల్లొకపారి రొట్టె సంగతి యాది చేసి పోయింది.

బర్నబాసు దీపం కింద పెట్టి, రెండు చేతులు గుడ్డకు తుడుచుకుంటనే ఉన్నడు. నెత్తురు సుక్క లేదు ముఖంల. నాగమణమ్మ నోట్ల నువ్వుగింజ నానదు, పొద్దుగూకేలోపట మాదన్నపేట దాక తెలిసిపోయింది. పీనుగుల బల్ల మీద రొట్టె తిన్నమట అని ఒకడు కక్కుకున్నడు, నెల కింద తిన్నది! తెల్లారి ఆయితారం కాక, దాని మరుసటి ఆయితారం అయ్యగారు వచ్చే దినం. ఇగ ఈయన వారం మొత్తం ఆ బల్లను కడుగుడే కడుగుడు. ఉప్పు పెట్టి తోమిండు, సున్నం పూసిండు, ఏపాకు నీళ్లు కాగబెట్టి పోసిండు, రంద పట్టిచ్చిండు. మైల పోలేదట! ఎట్ల పోతది, మైల చెక్కల ఉంటె గద పొయ్యేది. శుక్రారం మధ్యాహ్నం నేను సత్తెమ్మ కొట్టం కాడ ఆమెకు రవికె కొలత తీస్తున్న. బర్నబాసు వచ్చిండు, చేతుల ఒక చెంబు, చెంబు మీద రుమాలు. నన్ను చూసి దగ్గిండు. "సత్తెమ్మా, చెంబెడు ఆవు పంచితం గావాలె" అన్నడు. "ఎందుకు పెద్దయ్యా?" "మందుకు. కడుపుల మంటకు." ఆమె ఆయన ముఖం దిక్కు, చెంబు దిక్కు చూసింది. ఆయాసపడుకుంట లేచింది, గౌరి ఎనుక ఎంతసేపు నిలవడ్డదో, పట్టుకచ్చి ఇచ్చింది. ఈయన తీసుకున్నడు. ఆమెను పాణం ఎట్లున్నదని గుడ అడగలె. శనివారం నేను గుడ్డ తీస్కపోతె తలుపు దగ్గరకేసి ఉన్నది. సందులకెల్లి చూసిన. మామిడాకుతోని పంచితం సల్లుతుండు బల్ల మీద. పసుపు కలిపిండు అండ్ల. నోట్ల మాత్రం యేసు నామంల, యేసు నామంల అంటుండు!

నీకు నవ్వొస్తుంది గద? నవ్వు. నేను గుడ నవ్విన. నవ్వినంక తాత యాదికొచ్చిండు. ఎందుకంటె మా తాత ఎవలదన్న వాకిట్ల నిలవడి పోతె, ఆయన నిలవడ్డ జాగల వాళ్లు పంచితం సల్లుకుంటుండ్రి. మనం నిలవడ్డ మన్నుకు మైల అని! గది సహించలేకనే గద మునిగింది, గా మునుగుడు, గా పేర్లు మార్చుకునుడు, గందుకే గద! మన మీద సల్లినదాన్ని తెచ్చి మనమే దేవుని బల్ల మీద సల్లినం. సిగ్గు లేదు. పేరు మారింది గని నెత్తిల పేను మారలె.

ఇగ ఆయితారం. అందరు వచ్చిన్రు, తమాషా చూడాలె గద. అయ్యగారికి ఎవరో ముందుగాలనే చెప్పిన్రు. ఆయన మల్ల బావి ముచ్చటే చెప్పిండు, గుట్టా కాదు ఊరూ కాదు అని. అందరు తలకాయలు ఊపిన్రు. రొట్టె ఇరిసిండు, రండి అన్నడు. ఒక్కడు లెవ్వలె. మల్ల రండి అన్నడు. ఆడోళ్లు కొంగులు సర్దుకుంటున్నరు, మొగోళ్లు చెప్పులెక్కడ ఇడిసినమని చూస్తున్నరు. గప్పుడు గడప అవుతల కెల్లి సత్తెమ్మ లేచింది. గోడ పట్టుకొని, పెయ్యంత ఊగుతుంటె, మెల్లగ మెల్లగ నడుమంగ నడిచొచ్చి బల్ల ముంగట నిలవడ్డది. "యేసయ్యను గుడ ఆఖరుకు ఎక్కన్నో పండవెట్టి తుడిసిన్రు గద అయ్యా. పీనుగు పండిన జాగ ఆయనకు కొత్తనా?" అన్నది. రెండు చేతులు దోసిలి పట్టి చాపింది. అయ్యగారు రొట్టె పట్టుకొని చెయ్యి ముంగటికి పెట్టిండు బిడ్డా. నా కండ్లతోని చూసిన, జానెడు దూరం గుడ లేదు. బర్నబాసు వచ్చి పళ్లెం మీద అరచెయ్యి కప్పిండు. "సంఘం ఆపింది అయ్యగారూ. సంఘం ఇయ్యమన్నంకనే ఇయ్యాలె." అయ్యగారు ఆయన ముఖం చూసిండు, మా ముఖాలు చూసిండు. చెయ్యి ఎనుకకు తీసుకున్నడు. ఈగకు నొప్పైతదని చూసెటోడు!

సత్తెమ్మ గట్లనే నిలవడ్డది, దోసిలి ఇంక చాపే ఉన్నది. నిలవడి, ఒక్కపారి ముక్కు ఎగబీల్చింది. పాలామె ముక్కు గద. బల్ల మీదికి ఒంగింది, గుడ్డ కొస లేపింది. "పెద్దయ్యా" అన్నది, "ఇది మా గౌరి పంచితం గద." గుడ్డ కొస ఇడిసింది. "నా పాలు పోస్తె దేవునికి పడలె. నా ఆవు ఉచ్చ పడ్డదా?" అన్నది. గట్టిగ గుడ అనలె, ఆయాసం గద, నాలుగు తునకలు చేసి అన్నది. అని తిరిగి, వచ్చినట్టే గోడ పట్టుకొని బయటికి పోయింది. ఇగ నువ్వు ఏమనుకుంటున్నవ్? అందరు సిగ్గుతోని చచ్చిపోయిన్రు, బర్నబాసును పట్టుకొని కడిగిన్రు అనుకుంటున్నవా? గట్లయితె నేను ఈ ముచ్చట మీ పుస్తకానికి నేనే రాసిస్తును. ముంగట కూసున్నోడు పక్కోని చెవుల, "పంచితం సల్లిండట" అన్నడు. గాడు ఎనుకోనికి చెప్పిండు. ఎవడో "హమ్మయ్య" అన్నడు. నిజం, హమ్మయ్య అన్నడు. ఒకడు లేచిండు. ఇంకొకడు లేచిండు. వరస కట్టిన్రు బిడ్డా, బల్ల సుద్ధమైంది గద! కక్కుకున్నోడు గుడ ముంగట్నే ఉన్నడు. అందరు తిన్నరు, అందరు తాగిన్రు. నేనా? నేను పోలె. గొప్పకు చెప్తలేను, నా నోట్ల పాన్ ఉన్నది.

సత్తెమ్మ మల్ల చర్చి గడపకు రాలె. వానలు పడ్డంక పోయింది. గప్పటికి మిషన్ దొరలు కొత్త బల్ల పంపిన్రు, పాతది వరండల గోడకు ఆనిచ్చి ఉన్నది. "బల్ల ఆగిన మనిషి, సంఘం ఆడోళ్లు తానం చేపియ్యొద్దు" అన్నడు బర్నబాసు. ఒక్కామె అన్న ఎదురు మాట్లాడాల్నా? తలుపులు ఏసుకున్నరు. ఖైసర్ బేగం వచ్చింది, కొంగు నడుముకు చెక్కింది. "తుమారే గిర్జే మే మేరా పురానా తఖ్తా పడా హై, లావ్ ఉస్కు" అన్నది, మీ చర్చిల నా పాత చెక్క పడున్నది, తెండ్రి అని. నేను, వాళ్ల కొడుకు కరీం, ఇద్దరం పోయి భుజాల మీద పెట్టుకొని తెచ్చినం. బర్నబాసు మెట్ల మీద నిలవడి చూసిండు. అడ్డం రాలె, ముట్టాల్సొస్తదని భయం. ఆడోళ్లు చీరెలు అడ్డం పట్టిన్రు, సాయిబుల ఆడోళ్లే. నేను ఇవుతల నిలవడ్డ. లోపట కర్పూరం నీళ్లు పోస్తున్నరు, చెంబు మీద చెంబు. చీరె కిందికెల్లి కనవడుతుండె నాకు. ఆ నీళ్లు గాడి పట్టుకొని సక్కగ వచ్చి బొక్కల కెల్లి మన్నుల పడుతున్నయి. ఒక్క సుక్క పక్కకు ఒలకలె. దేవుడు చేయించిన దారి అన్నడు గద! రెండేండ్లు ఆమెను బల్లకు రానియ్యలె గాడు. ఆఖరుకు బల్ల మీదనే పండుకున్నది. ఇగ ఆపుమను!

ఏందీ? లేదు, ఏం లేదు, కండ్లల్ల నలుసు పడ్డది. మీ పుస్తకంల ఏం రాస్తవంటె, బర్నబాసు పెద్ద సంఘానికి మంచి టేకు బల్ల తెచ్చిండు అని రాయి. అబద్ధం గాదు. ఏడున్నదా? ఏది, బల్లనా? ఖైసర్ బేగం పోయినంక కరీం కట్టెల కింద కొడ్తనంటె నేను తెచ్చుకున్న. కాళ్లు మార్పిచ్చిన గంతే. అన్నేండ్లు దీని మీదనే గుడ్డ కత్తిరిచ్చిన, దీని మీదనే తింట, ఎండకాలం దీని మీదనే పండుకుంట. చాయ్ గిలాస పెట్టొద్దన్న గద గాడిల... అరె, ఏందిరా, లేచినవేంది? కూసో, కూసో. చాయ్ అన్న తాగు. ఇంట్ల పని యాదికొచ్చిందా? ఇప్పుడే యాదికొచ్చిందా? సరె పో, నేనెందుకు పట్టుకుంట. తలుపు దగ్గరికేసి పో, గాలికి కొట్టుకుంటది. ఇంటికి పోయి తానం చేస్తె చేసుకో. పంచితం గావాల్నంటె మాత్రం ఈ గల్లీల ఇప్పుడు ఆవులు లెవ్వు బిడ్డా.